అనుకోకుండా వచ్చిన ఈ-సంతకం అభ్యర్థన: నిజమైనదో కాదో ఎలా తేల్చుకోవాలి?

పీణ్య_లెక్కలు

నమస్కారం. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో నేను అకౌంట్స్ చూస్తాను. మాకు చాలాకాలంగా స్టీలు రాడ్లు సరఫరా చేస్తున్న సంస్థ పేరుతో నిన్న ఒక మెయిల్ వచ్చింది. అది ఆ సంస్థ మెయిల్ చిరునామా నుంచి నేరుగా రాలేదు. అందరూ పేరు విన్న ఒక ఈ-సంతకం సేవ ద్వారా వచ్చింది. ‘సవరించిన సరఫరా ఒప్పందం, కొత్త బ్యాంకు వివరాల ధ్రువీకరణ’ అనే పత్రాన్ని చూసి రేపు సాయంత్రంలోగా సంతకం చేయాలని, ఆలస్యమైతే లోడు బయలుదేరదని అందులో రాసి ఉంది. కింద పత్రాన్ని తెరవడానికి ఒక పెద్ద బటన్ ఉంది.

నాకు అనుమానం ఎందుకు వచ్చిందంటే, వాళ్లు ఇంతవరకు ఏ కాగితమైనా ముందు వాట్సాప్‌లో పంపి, అసలు ప్రతిని లారీ డ్రైవరు చేతికిచ్చి పంపేవారు. ఈ-సంతకం అన్న మాట వారి నోట ఎప్పుడూ వినలేదు. అయితే అనుమానాన్ని తగ్గించే విషయాలు కూడా ఉన్నాయి. మెయిల్‌లో మా పర్చేజ్ ఆర్డర్ నంబరు సరిగ్గా ఉంది. మేము ఈ నెల చెల్లించవలసిన బిల్లు మొత్తం పైసలతో సహా సరిపోయింది. పంపిన చిరునామాలో ఎక్కడా అక్షరం తేడా లేదు, అది ఆ ఈ-సంతకం సేవదే. మా యజమాని ఊళ్లో లేరు. ఫోన్ చేస్తే ‘చూసి చేసేయండి’ అన్నారు.

నేను ఇంకా దేన్నీ నొక్కలేదు. పత్రాన్ని కేవలం తెరిచి చూస్తే ప్రమాదం ఉందా? పేరు టైపు చేసినంత మాత్రాన అది చట్టప్రకారం సంతకం అవుతుందా? ఇకముందు ఇలాంటివి వస్తే ఏ వరుసలో సరిచూసుకోవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

వైట్‌ఫీల్డ్_భద్రత

నేను వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో సమాచార భద్రత విభాగంలో పనిచేస్తాను. అనుమానాస్పద మెయిళ్లను పరిశీలించడం నా రోజువారీ పని కాబట్టి కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

మీరు రాసిన వాటిలో అన్నిటికంటే బరువైన మాట ‘కొత్త బ్యాంకు వివరాలు’ అన్నది. పత్రం అసలుదా నకిలీదా అన్నది దాని తరువాతి సంగతి. వాళ్లు నిజంగా ఖాతా మార్చారా లేదా అన్నదే ముందు తేలవలసిన విషయం, దానికి జవాబు ఆ మెయిల్‌లో ఎంత వెతికినా దొరకదు. పాత డెలివరీ చలానా మీదో, మీ దగ్గర ఎప్పటినుంచో ఉన్న విజిటింగ్ కార్డు మీదో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, మీకు గొంతు తెలిసిన మనిషితో మాట్లాడండి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేయవద్దు. ఆ మెయిల్‌కే తిరుగు జవాబు రాసి ‘ఇది మీరే పంపారా’ అని అడగవద్దు, ఎందుకంటే ‘అవును’ అని జవాబిచ్చేది కూడా మోసగాడే కావచ్చు. ఫోన్ చేసి అడిగేటప్పుడు కూడా కొత్త ఖాతా నంబరును మీరు చదివి వినిపించకుండా, ‘మీ ఖాతా ఏ బ్యాంకులో ఉంది, చివరి నాలుగు అంకెలు చెప్పండి’ అని వారి చేతనే చెప్పించండి.

పంపిన చిరునామా అసలైన సేవదే అని మీరు కొంత ఊరట పొందినట్టు కనిపిస్తోంది. దయచేసి ఆ ఊరటను పక్కన పెట్టండి. ఈ-సంతకం సేవల్లో ఎవరైనా ఖాతా తెరవవచ్చు, తమకు నచ్చిన సంస్థ పేరు పెట్టుకోవచ్చు, నచ్చిన పత్రాన్ని ఎక్కించి ఎవరికైనా పంపవచ్చు. అలా పంపినప్పుడు మెయిల్ ఆ సేవ సర్వర్ల నుంచే బయలుదేరుతుంది కాబట్టి చిరునామా సరిగ్గానే ఉంటుంది, మెయిల్ హెడర్‌లో (మెయిల్ ఏ దారిన వచ్చిందో తెలిపే దాగిన వివరాల్లో) కనిపించే, పంపిన డొమైన్ అసలైనదేనా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పరీక్షలన్నీ ‘పాస్’ అనే చూపిస్తాయి. రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన ఉత్తరం తపాలా శాఖ ద్వారా వచ్చిందన్నది నిజమే అయినా, లోపల రాసినది నిజమని తపాలా శాఖ హామీ ఇవ్వదు కదా. 2024లో భద్రతా పరిశోధకులు సరిగ్గా దీన్నే బయటపెట్టారు: మోసగాళ్లు డాక్యుసైన్ అనే ఈ-సంతకం సేవలో డబ్బు కట్టి అసలైన ఖాతాలే తెరిచి, పేరున్న సంస్థల ఇన్‌వాయిస్‌లను పోలిన పత్రాలను ఆ సేవ ద్వారానే పంపిస్తున్నారు. లింకులో తప్పు లేనందువల్ల, మెయిల్ ఫిల్టర్లు పట్టుకోవడానికి అక్కడ ఏమీ మిగలదు. అందువల్ల మెయిల్ మధ్యలో కనిపించే పంపినవారి పేరు పక్కన ఉన్న మెయిల్ చిరునామాను చూడండి. సంస్థకు సొంత డొమైన్ ఉండగా అక్కడ ఏదో ఉచిత జీమెయిల్ చిరునామా ఉంటే సంగతి దాదాపు తేలిపోయినట్టే. అది సంస్థదే అయినా తేలిపోలేదు, ఎందుకో కింద చెబుతాను.

పర్చేజ్ ఆర్డర్ నంబరు, బిల్లు మొత్తం సరిపోయాయి కాబట్టి నమ్మవచ్చేమో అనిపించడం సహజం. నాకు మాత్రం మీ ప్రశ్న మొత్తంలో భయం కలిగించినది అదే. ఆ అంకెలు మీ రెండు సంస్థలకు తప్ప బయటివారికి తెలియవు. మోసగాడికి అవి తెలిశాయంటే మీ వైపో, వారి వైపో ఎవరిదో ఒక మెయిల్‌బాక్సును అతడు చదువుతున్నాడని అర్థం. ఇలాంటి మోసాల్లో దొంగ తొందరపడడు. మెయిల్‌బాక్సులోకి చేరి, ఎవరు ఎవరికి ఎప్పుడు ఎంత చెల్లిస్తారో మౌనంగా చదువుతూ, పెద్ద చెల్లింపు దగ్గరపడినప్పుడు ‘ఖాతా మారింది’ అని ఒకే ఒక్క మెయిల్ పంపుతాడు. కాబట్టి ఫోన్‌లో వాళ్లు ‘మేము పంపలేదు’ అంటే మీ పని అక్కడితో ముగిసిందని అనుకోకండి. ఎవరి మెయిల్ చేజారిందో వెతకడం అప్పుడు మొదలవుతుంది.

తెరిచి చూడవచ్చా అని అడిగారు. బటన్ నొక్కకుండానే చూసే దారి ఉంది. డాక్యుసైన్ పంపే మెయిళ్లలో అడుగున ఒక పొడవైన భద్రతా కోడ్ ఉంటుంది. బ్రౌజర్‌లో మీరే డాక్యుసైన్ డాట్ కామ్ అని టైపు చేసి వెళ్లి, ‘యాక్సెస్ డాక్యుమెంట్స్’ అన్న చోట ఆ కోడ్ ఇస్తే, పత్రం నిజంగా ఆ సేవలో ఉంటే తెరుచుకుంటుంది, లేకపోతే తెరుచుకోదు. వేరే సేవ అయితే దాని సైట్‌కు మీరే వెళ్లి, ఖాతా ఉంటే లాగిన్ అయి, మీ కోసం ఏదైనా పత్రం ఎదురుచూస్తోందా అని చూడవచ్చు. అయితే ఈ పరీక్షకు ఉన్న హద్దును మరిచిపోవద్దు. పత్రం ఆ సేవలో ఉందని మాత్రమే అది చెబుతుంది, పంపినవాడు నిజాయితీపరుడని చెప్పదు.

లింకు చిరునామాను చదవాలనుకుంటే, మొదటి ఒంటి ఏటవాలు గీతకు (/) ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. అసలు యజమాని ఎవరో తెలిపేది చివరి రెండు మూడు ముక్కలే. ఎడమవైపు ఎంత పెద్ద సంస్థ పేరు రాసినా దానికి విలువ లేదు, దాన్ని ఎవరైనా రాసుకోవచ్చు. మొబైల్‌లో చిరునామా పూర్తిగా కనిపించదు కాబట్టి ఇలాంటి వాటిని ఫోన్‌లో పరిశీలించకండి.

ఇక తెరిచాక ఏ పేజీ అయినా మీ మెయిల్ పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆపేయండి. పత్రం చూడటానికి మీ ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్‌తో ఏ ఈ-సంతకం సేవకూ పని లేదు. పత్రం లోపల మరో లింకు గానీ, ‘సురక్షితంగా చూడటానికి స్కాన్ చేయండి’ అంటూ క్యూఆర్ కోడ్ గానీ ఉంటే అది కూడా అలాంటిదే. క్యూఆర్ ఎందుకు పెడతారంటే, ఆఫీసు కంప్యూటర్‌కు ఉన్న రక్షణ మీ సొంత ఫోన్‌కు ఉండదు కాబట్టి. జతచేసిన ఫైలు హెచ్‌టీఎమ్‌ఎల్ (అంటే బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ పేజీ) అయితే, లేదా పాస్‌వర్డ్‌తో మూసిన జిప్ అయి ఆ పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో రాసి ఉంటే, తెరవకండి. విండోస్ మామూలుగా ఫైలు చివరి ఎక్స్‌టెన్షన్‌ను దాచిపెడుతుంది కాబట్టి పీడీఎఫ్ అని పేరున్న ప్రతిదీ పీడీఎఫ్ కాదు.

జయనగర్_సీఎస్

నేను జయనగర్‌లో కంపెనీ సెక్రటరీగా ప్రాక్టీసు చేస్తున్నాను. చట్టం వైపు నుంచి నాలుగు మాటలు.

మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతికత చట్టం ఎలక్ట్రానిక్ సంతకాన్ని గుర్తిస్తుంది. మూడో సెక్షన్‌లో డిజిటల్ సంతకం ఉంది. 2008 సవరణతో వచ్చి 2009 అక్టోబరు 27 నుంచి అమలైన 3ఏ సెక్షన్‌లో ఎలక్ట్రానిక్ సంతకం ఉంది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలకు లైసెన్సు ఇచ్చేది కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్. మన బెంగళూరులోనే ఉన్న ఈముద్ర అలాంటి లైసెన్సు ఉన్న సంస్థే. పెట్టెలో పేరు టైపు చేసి ‘అంగీకరిస్తున్నాను’ నొక్కడానికి ఆధార్ ఈ-సంతకానికో, లైసెన్సు ఉన్న సంస్థ ఇచ్చే క్లాస్ 3 డిజిటల్ సంతకం సర్టిఫికెట్‌కో ఉన్నంత బలం లేదు. అయినా దానికి విలువే లేదని అనుకోవడం పొరపాటు. ఎలక్ట్రానిక్ రూపంలో జరిగిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని అదే చట్టంలోని 10ఏ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ‘ఊరికే పేరు కొడితే ఏమవుతుంది’ అని ఎవరైనా అంటే వినవద్దు.

మోసంతో చేయించుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఉంటుంది. అయితే మీ విషయంలో నష్టం ఒప్పందం వల్ల రాదు. మీ సంతకంతో ఒక ధ్రువీకరణ మీ ఫైలులో చేరి, దాన్ని చూసి బ్యాంకు లబ్ధిదారుల జాబితాలో కొత్త ఖాతా చేరి, చెల్లింపు వెళ్లిపోవడం వల్ల వస్తుంది. డబ్బు వెళ్లాక అసలు సరఫరాదారుకు బాకీ అలాగే మిగిలి ఉంటుంది, చట్టం మీ పక్షాన ఉన్నా వారికి మళ్లీ చెల్లించవలసి రావచ్చు.

మరొక విషయం. మీరు అకౌంట్స్ చూస్తారు, సరే. సంస్థ తరఫున ఒప్పందం మీద సంతకం చేసే అధికారం మీకు రాతపూర్వకంగా ఉందా? లేకపోతే పత్రం వందశాతం నిజమైనదే అయినా మీరు సంతకం చేయకూడదు. మీ యజమాని ఫోన్‌లో ‘చూసి చేసేయండి’ అన్న మాట రేపు మీకు రక్షణ ఇవ్వదు. ఖాతా మార్పుకు ఇద్దరి ఆమోదం ఉండాలని, అందులో ఒకరు తప్పనిసరిగా ఫోన్‌లో నిర్ధారించుకున్నట్టు రాసి సంతకం పెట్టాలని ఒక చిన్న నియమాన్ని సంస్థలో పెట్టించండి. మీలాంటివారు తమ మీద పడే ఒత్తిడిని తట్టుకోవడానికి ఆ కాగితం ఒక్కటే ఆసరా.

బ్యాంకు వైపు నుంచి ఒక ఉపయోగకరమైన మార్పు వచ్చింది. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు 2025 ఏప్రిల్ 1 నుంచి ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ చెల్లింపుల్లో కూడా ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇస్తే లబ్ధిదారు పేరు చూపించే సదుపాయాన్ని బ్యాంకులు ఇవ్వాలి. కొత్త ఖాతాను చేర్చేటప్పుడు ఆ పేరును చదవకుండా ముందుకు వెళ్లకండి. సంస్థ పేరు ఉండవలసిన చోట ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే ఇక ఆలోచించవలసినది లేదు. అయితే అదే పేరును పోలిన ఖాతాను తెరిచే దొంగలు కూడా ఉన్నారు కాబట్టి ఫోన్ చేయడం మానకూడదు.

ఈ సందర్భంలో నన్ను ఎప్పుడూ బాధించే సంగతి ఒకటి చెప్పక తప్పదు. డైరెక్టర్ల డిజిటల్ సంతకం టోకెన్లను, అంటే ఆ యూఎస్‌బీ పరికరాలను, చాలా చిన్న సంస్థలు ఆడిటర్ ఆఫీసులోనే వదిలేస్తాయి. పిన్ నంబరు రాసిన చిన్న కాగితం టోకెన్‌కు అంటించి ఉంటుంది. ఆ డ్రాయరు ఎవరు తెరిచినా సంస్థ పేరున ఏ పత్రమైనా సంతకమైపోతుంది, అది డైరెక్టరు స్వహస్తాలతో చేసినట్టే లెక్క. బయటినుంచి వచ్చే మెయిల్ గురించి ఇంత జాగ్రత్త పడుతున్నవారు దీన్ని కూడా ఒకసారి చూసుకోవాలి.

మారతహళ్లి_నివాసి

ఇదే విషయానికి దగ్గరగా ఉన్న నా సందేహాన్ని కూడా ఇక్కడే అడుగుతున్నాను, అన్యథా భావించవద్దు. మా నాన్నగారు అనంతపురంలో ఉంటారు, విశ్రాంత ఉపాధ్యాయులు. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ పత్రం మీద ఆధార్‌తో ఈ-సంతకం చేయాలని, ఫోన్‌కు వచ్చే ఓటీపీ చెబితే చాలని ఎవరో ఫోన్ చేశారట. ఆయన నాకు చెప్పి చేస్తానని ఫోన్ పెట్టేశారు. ఆ తరువాత వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది, దాని మీద ఆకుపచ్చ టిక్ గుర్తుతో ఎవరో అధికారి డిజిటల్ సంతకం ఉంది. ఆ గుర్తు చూసి ఆయన అది నిజమైనదేనని అంటున్నారు. ఇది ఎలా తెలుస్తుంది?

జయనగర్_సీఎస్

మీ నాన్నగారు ఫోన్ పెట్టేయడం వల్ల చాలా మేలు జరిగింది, ఆయనకు ఆ మాట తప్పక చెప్పండి. ఆధార్ ఈ-సంతకంలో ఓటీపీయే సంతకం. ఆ ఓటీపీతో అప్పటికప్పుడు ఒక సర్టిఫికెట్ తయారై, దానితో ఎదుట ఉన్న పత్రం సంతకమవుతుంది. ఆ సర్టిఫికెట్ గడువు 30 నిమిషాలే. గడువు ముగిసినా పత్రం మీది సంతకం మాత్రం నిలిచే ఉంటుంది. ఎదుటివాడి తెరమీద ఉన్నది లైఫ్ సర్టిఫికెట్టో, అప్పు పత్రమో మనకు కనిపించదు. కాబట్టి పత్రాన్ని తన తెరమీద తానే చదివి, ఓటీపీని తన చేత్తో తానే కొట్టినప్పుడు మాత్రమే అది ఆయన సంతకం. ఫోన్‌లో అడిగేవారికి ఓటీపీ చెప్పడమంటే ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేసి ఇవ్వడమే. లైఫ్ సర్టిఫికెట్ కోసం ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ జీవన్ ప్రమాణ్ ఉంది, పెన్షన్ ఇచ్చే బ్యాంకు శాఖ ఉంది. ఆ పనిని ఆయన అక్కడే చేయించుకోవడం మంచిది.

ఇంతకుముందు ఎప్పుడైనా ఓటీపీ చెప్పి ఉంటారేమోనన్న అనుమానం ఉంటే మై ఆధార్ పోర్టల్‌లో ఆయన లాగిన్‌తో ఆథెంటికేషన్ హిస్టరీ చూడండి. గత ఆరు నెలల్లో ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో అందులో తేదీతో సహా కనిపిస్తుంది. ఆయన పేరున ఎవరైనా అప్పు తీసుకున్నారేమో తెలుసుకోవడానికి క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి.

ఆకుపచ్చ టిక్ సంగతి. పీడీఎఫ్ మీద మనకు కనిపించే సంతకం బొమ్మకు ఎలాంటి విలువా లేదు. ఆ బొమ్మను ఎవరైనా కత్తిరించి అతికించవచ్చు. వాట్సాప్‌లోనో, బ్రౌజర్‌లోనో తెరిస్తే సంతకం అసలుదో కాదో తెలియదు. ఆ ఫైలును కంప్యూటర్‌లో అడోబీ రీడర్‌తో తెరిచి, సంతకం మీద నొక్కండి. నిజమైన డిజిటల్ సంతకమైతే ఒక చిన్న పెట్టె తెరుచుకుని, ఎవరు సంతకం చేశారు, ఏ సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది, సంతకం తరువాత పత్రంలో మార్పులు జరిగాయా అన్న మూడూ చెబుతుంది. నొక్కినా ఏమీ కాకపోతే అది కేవలం బొమ్మ. ఇక్కడ రెండో వైపు పొరపాటు కూడా జరుగుతుంటుంది: మన దేశపు సర్టిఫికెట్లను ఆ కంప్యూటర్‌లో ముందుగా నమ్మకమైనవిగా చేర్చుకోకపోతే అసలైన ఈ-ఆధార్ కూడా పసుపు ప్రశ్నార్థకంతో ‘ధ్రువీకరణ తెలియదు’ అని చూపిస్తుంది. దాన్ని చూసి అసలు పత్రాన్ని నకిలీ అనుకోవద్దు, లోపలి వివరాలు చదవండి.

ఆ ఫోన్ చేసినవారే తరువాత ఏదైనా ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు) పంపినా, దానికి ఏ ప్రభుత్వ శాఖ పేరు పెట్టినా, ఇన్‌స్టాల్ చేయవద్దని ఆయనకు గట్టిగా చెప్పండి.

పీణ్య_లెక్కలు

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం పాత చలానా మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. అక్కడ అకౌంట్స్ చూసే అక్క నాకు చాలాకాలంగా తెలుసు; ఖాతా మారలేదని, ఈ-సంతకానికి తాము ఏ పత్రమూ పంపలేదని చెప్పారు. చెల్లింపును ఆపేశాను, యజమానికి విషయమంతా వివరించాను.

మీరు చెప్పినట్టు ఎవరి మెయిల్ చేజారిందో వెతికాము. మా పర్చేజ్ విభాగంలో ఒక తమ్ముడికి కొద్దికాలం క్రితం ఇలాగే ఒక ‘షేర్ చేసిన పత్రం’ వచ్చిందట. దాన్ని తెరవడానికి ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చాడట, ఓటీపీ కూడా కొట్టాడట. ఏమీ తెరుచుకోలేదని వదిలేశాడు. ఇవాళ అతడి అవుట్‌లుక్‌లో చూస్తే, అతడు పెట్టని రూల్ ఒకటి ఉంది. సరఫరాదారు పేరున్న మెయిళ్లన్నీ రాగానే చదివినట్టు గుర్తు పడి, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లిపోతున్నాయి. ఆ ఫోల్డర్ ఉందని కూడా మాలో ఎవరికీ తెలియదు. సరఫరాదారు రాసిన అసలు మెయిళ్లు నాలుగు అందులో దొరికాయి. పాస్‌వర్డ్ మార్చేశాము. ఇంకా ఏం చేయాలి? ఓటీపీ పెట్టుకున్నా లోపలికి ఎలా వచ్చారన్నది కూడా అర్థం కాలేదు.

వైట్‌ఫీల్డ్_భద్రత

చెల్లింపు ఆగినందుకు మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను. ఆ తమ్ముడిని మందలించవద్దని మీ యజమానికి నా మాటగా చెప్పండి. తప్పు చెబితే ఉద్యోగం పోతుందని భయపడే చోట ఎవరూ నోరు విప్పరు, దొంగకు కావలసింది కూడా ఆ మౌనమే.

ఓటీపీ ఉన్నా లోపలికి రావడానికి కారణం ఇది. ఆ నకిలీ పేజీ మీ తమ్ముడికీ అసలు మెయిల్ సర్వర్‌కూ మధ్యలో కూర్చుంటుంది. అతడు కొట్టిన పాస్‌వర్డ్‌నూ ఓటీపీనీ అప్పటికప్పుడే అసలు సర్వర్‌కు పంపి, సర్వర్ తిరిగి ఇచ్చే లాగిన్ కుకీని, అంటే ‘ఇతడు లాగిన్ అయ్యాడు’ అని గుర్తించే చిన్న ఫైలును, తన దగ్గర ఉంచుకుంటుంది. ఆ కుకీ ఉన్నంతకాలం మళ్లీ పాస్‌వర్డ్‌తో పని లేదు. అందువల్ల పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే చాలదు, తెరిచి ఉన్న సెషన్లన్నిటినీ మూయించాలి. మీ మెయిల్ అడ్మిన్ ఎవరైతే వారు అడ్మిన్ పేజీ నుంచి ఆ ఖాతాను అన్ని పరికరాలనుంచి సైన్ అవుట్ చేయవచ్చు. తరువాత అతడి ఖాతాకు కొత్తగా చేరిన ఫోన్ నంబరు గానీ, లాగిన్ కోడ్ ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ గానీ ఉందేమో చూడండి. దొంగ తన ఫోన్‌ను లాగిన్‌లో రెండో మెట్టుగా చేర్చుకుని వెళ్లడం మామూలే. బయటి చిరునామాకు ఫార్వర్డ్ అయ్యే ఏర్పాటు, ఖాతాను చదవడానికి అనుమతి పొందిన తెలియని యాప్‌లు కూడా చూడాలి. రూల్‌ను తొలగించేముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి, అది సాక్ష్యం.

మీకు వచ్చిన ఆ ఈ-సంతకం మెయిల్‌ను కూడా తీసేయకండి. ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్ పోతుంది కాబట్టి, మెయిల్‌ను యథాతథంగా డౌన్‌లోడ్ చేసి దాచండి. ఏ సేవ ద్వారా వచ్చిందో ఆ సేవకు కూడా ఫిర్యాదు చేయండి. వాళ్లు ఆ పంపినవాడి ఖాతాను మూసేస్తే అదే పత్రం మరో పది యూనిట్లకు వెళ్లకుండా ఆగుతుంది.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఇంకొకటి మిగిలి ఉంది. ఆ తమ్ముడి మెయిల్‌బాక్సులో ఒక్క సరఫరాదారుడి ఉత్తరాలే ఉండవు. అతడు మాట్లాడే ప్రతి సరఫరాదారుకూ, మీ కొనుగోలుదారులకూ ఫోన్ చేసి, మీ సంస్థ పేరుతో ఖాతా మార్పు గురించి ఏదైనా వస్తే నమ్మవద్దని చెప్పండి. దొంగ మీ దగ్గర విఫలమైతే మీ పేరు వాడుకుని మీ కొనుగోలుదారుల దగ్గరకు వెళతాడు.

కేఆర్‌పురం_పాఠకుడు

పోలీసు ఫిర్యాదు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెబుతున్నాను. డబ్బు పోలేదు కదా అని ఊరుకోవద్దు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. బెంగళూరులో సైబర్ నేరాలను చూసే ప్రత్యేక పోలీసు స్టేషన్లు ఉన్నాయి. రాతపూర్వకంగా అక్కడ కూడా ఇవ్వవచ్చు. మరొకరి పేరు పెట్టుకుని కంప్యూటర్ ద్వారా మోసం చేయడం సమాచార సాంకేతికత చట్టం 66డి సెక్షన్ కింద నేరం, మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది.

ఎవరికైనా డబ్బు వెళ్లిపోయి ఉంటే మాత్రం పోర్టల్ తెరుస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. ఆ నంబరుకు బ్యాంకులతో అనుసంధానం ఉంది కాబట్టి డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోయేలోగా దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. ఫోన్ చేసేటప్పుడు ఖాతా నంబరు, యూటీఆర్ నంబరు (ప్రతి లావాదేవీకి బ్యాంకు ఇచ్చే నంబరు), మొత్తం, సమయం చేతిలో ఉంచుకోండి. డబ్బు పోకుండా కేవలం అనుమానాస్పద ఫోనో, సందేశమో వచ్చినప్పుడు, మారతహళ్లి గారి నాన్నగారికి వచ్చినట్టు, టెలికం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో ఆ నంబరును తెలపవచ్చు.

పీణ్య_లెక్కలు

సెషన్లన్నీ మూయించాము. తమ్ముడి ఖాతాలో మాకు తెలియని ఆథెంటికేటర్ ఒకటి నిజంగానే ఉంది, తీసేశాము. పోర్టల్‌లో ఫిర్యాదు నమోదైంది. ఇప్పుడు అతడూ నేనూ పక్కపక్కన కూర్చుని, చలానాల ఫైలు ముందు పెట్టుకుని, సరఫరాదారులందరికీ వరుసగా ఫోన్లు చేస్తున్నాము. జయనగర్ గారు చెప్పిన ఇద్దరి ఆమోదం నియమాన్ని యజమాని ఒప్పుకున్నారు. దాని ముసాయిదా తెలుగులోనూ కన్నడంలోనూ రాస్తున్నాను, ఎవరి దగ్గరైనా నమూనా ఉంటే పంపగలరు.